గోడవతలి కుంది

నీలవేణి గాజులకు దారం చుట్టుకుని రెండేళ్ళు దాటింది.

చేతికి నాలుగేసి మట్టిగాజులు. విడిగా ఉంటే పని చేసుకునేటప్పుడు చప్పుడవుతాయని నాలుగింటినీ దగ్గరకు చేర్చి తెల్లదారంతో బిగించి చుట్టేసింది. దారం మాసిపోతే ఆదివారం నాడు విప్పి కొత్తది చుట్టేది. తలుపు గడియకు పాత పంచె పేలిక కట్టింది. కడిగిన గిన్నెలు గోనెపట్టా మీద బోర్లించేది, అదీ ఒకదానికొకటి తగలకుండా. పోపు వేస్తే చిటపటలాడుతుందని పొద్దుటిపూట పోపే మానేసింది. పోపులేని పప్పు మొదట్లో తినబుద్ధయ్యేది కాదు. తర్వాత ఆ సంగతే మర్చిపోయింది.

కూతురు తాయారుకి తొమ్మిదేళ్ళు. ఆ పిల్లకి ఇంట్లో నోరు తెరవాల్సిన పని దాదాపు లేదు. ఆకలేస్తే పొట్ట మీద చెయ్యి. బడికి వెళ్తుంటే పలక ఎత్తి చూపడం. ఎవరైనా పిలుస్తుంటే వీధివైపు గడ్డం. నాన్న నిద్రపోయాడంటే చెంప కింద అరచెయ్యి. ఈ చివరి సైగ కోసమే నీలవేణి పొద్దంతా ఎదురు చూసేది. అది ఎప్పుడో గాని వచ్చేది కాదు.

నీలవేణి పెనిమిటి సోములు జూటుమిల్లులో మగ్గం మీద పనివాడు. రాత్రి షిఫ్టు. పదింటికి మిల్లులో ఉండాలి, పొద్దున్న ఆరింటికి దిగాలి, పగలు పడుకోవాలి. రెండేళ్ళ కిందట శ్రావణమాసంలో ఎడమచేతి రెండు వేళ్ళ కొసలు మగ్గంలో పోగొట్టుకుని ఇంటికొచ్చాడు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుని, "నిద్దర తూగీసినాను," అన్నాడు. మగ్గాలవాళ్ళ మీద పెత్తనం చేసే సర్దారుకీ ఆ మాటే చెప్పాడు.

సర్దారు, "ఈసారికి ఏళ్ళతో పోయింది. ఇంకోపాలి తూగితే సెయ్యే ఎల్లిపోద్ది. సెయ్యి లేనోడికి మిల్లులో ఏటుంటాది? గేటు బయటే," అన్నాడట.

ఆ రోజునుంచి నీలవేణికి ఒక్కటే పని. సోములు పగలు నిద్రపోవాలి. వంటా, నీళ్ళూ, పిల్లా, మిగతావన్నీ ఆ పనికి అడ్డం రాకుండా చేసుకోవాల్సినవి. మొదట్లో భయంగా ఉండేది. భయం కూడా రోజూ కట్టే చీరలాంటిదే, కొన్నాళ్ళకి ఒంటిమీద ఉన్నట్టే తెలియదు. ఆ భయంతోబాటు ఇంకా ఏవేవో తెలియడం మానేశాయి. తల్లి పోయిన కబురొస్తే వెళ్ళి వచ్చింది. వదినలు ఏడుస్తుంటే పక్కన కూర్చుని, ఇక్కడ ఇంత చప్పుడవుతోందే, అనుకుంది. అంతే.

మూయగలిగిన చప్పుళ్ళన్నీ మూసేసింది. మూయలేనిది ఒక్కటి మిగిలింది. గోడవతల గున్నమ్మ దంచే రాతికుంది.

వాళ్ళుండేది జగన్నాధం వరసలో. ఆయన మిల్లులో సర్దారుగా చేసి దిగిపోయిన మనిషి. ఇప్పుడు ఆ సర్దారీ ఆయన అల్లుడు చేస్తున్నాడు. జగన్నాధం తన తండ్రి కట్టించిన ఆరిళ్ళ వరసలో ఒకటి తాను ఉంచుకుని తక్కినవి అద్దెకిచ్చాడు. ఆరింటికీ ఒకే పెంకుల కప్పు, ఒకే అరుగు. రెండేసి ఇళ్ళ మధ్య ఒక ఉమ్మడి గోడ. గోడకు ఈ పక్కన ఏముంటే ఆ పక్కనా అదే. పొయ్యికి ఎదురు పొయ్యి, గూటికి ఎదురు గూడు. వెనక వసారాలో కుందికి ఎదురు కుంది. గోడ పునాదిబండ రెండు వైపులా మూరెడేసి బయటకు వస్తుంది. నేలలో పాతిన ఆ రాతికుందులు రెండూ దానిమీదే కూర్చున్నాయి. అడుగు అంత గట్టిగా లేకపోతే ఎంత దంచినా దెబ్బ నేల తాగేస్తుంది.

సోములు మంచం ఆ గోడకే వేసి ఉండేది. ఇంట్లో వెలుతురు తక్కువ చోటు అదే.

గున్నమ్మ అటుకులు దంచి అమ్ముతుంది. ఆవిడా, చెల్లెలు అసిరమ్మా, ఇద్దరూ మొగుళ్ళు పోయినవాళ్ళే. రామతీర్థం జాతరకీ, పెళ్ళిళ్ళకీ, వారం వారం సంతకీ వాళ్ళ అటుకులే వెళ్ళేవి. అటుకులకి వేళ మార్చడం కుదరదు. ముందురోజు నానబెట్టిన వడ్లు పొద్దున్న వార్చి, ఎండపొద్దెక్కాక మంగలంలో వేయించి, చెయ్యి పెట్టలేనంత వేడిమీదే కుందిలో పోసి దంచాలి. ఇద్దరు మనుషులు, రెండు రోకళ్ళు, ఒకటి లేస్తుంటే ఇంకొకటి పడాలి. చల్లారితే గింజ సాగదు, పిండైపోతుంది. సోములు గంజి తాగి నడుం వాల్చేసరికి ఎనిమిదిన్నర. గోడవతల దెబ్బ మొదలయ్యేది తొమ్మిదింటికి.

నీలవేణి మొదట బతిమాలింది. అప్పటిదాకా అక్కచెల్లెళ్ళు దంచుతూ పాడేవారు. ఆమె అడిగిన మర్నాటినుంచి పాట మానేశారు. మళ్ళీ అడిగితే గున్నమ్మ, "పాట మానీసినాం గదే. దంపు కూడా మానీమంటే ఇంక తిండే మానాల," అంది.

కార్తీకంలో ఒక పెళ్ళివారి పని వచ్చింది. నాలుగురోజులు పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఆగకుండా దంపు. నాలుగోనాడు నీలవేణి తలుపు సందులోంచి చూసింది. సోములు గోడవైపు తిరిగి, అరచెయ్యి గోడకు ఆనించి పడుకున్నాడు. ఆ చప్పుణ్ణి చేత్తో ఆపుదామనుకుంటున్నాడు కాబోలు అనుకుంది. అంతకు ముందూ అలా పడుకోవడం చూసింది గాని ఆ రోజు చూడలేకపోయింది. వెనక దడి దాటి గున్నమ్మ వసారాలోకి వెళ్ళింది.

"అత్తా, ఆపీ."

గున్నమ్మ ఆపలేదు. నిప్పు నోట్లోపలికి పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తూనే రోకలి ఎత్తింది. "ఇప్పుడే దింపినాను. సల్లారిపోతాయి."

"ఆయన కళ్ళు సూసినావేటి? నెత్తురు ముద్దల్లాగున్నాయి."

"నా సేతులు సూసినావేటే నువ్వు? బొబ్బలమీద బొబ్బలు."

అసిరమ్మ రోకలి వంతు తప్పకుండానే నవ్వింది. "సీమ సిటుక్కుమన్నా లేచిపోతాడమ్మా మీ మారాజు. గాజులకి సుట్టినట్టు వీదిలో కుక్కల మూతులకి కూడా దారం సుట్టీరాదేటి?"

"రేపు ఆయన సెయ్యి పోతే నువ్వు పెడతావేటి కూడు?"

"ఈ కుంది ఆగితే మాకు నువ్వు పెడతావేటి?" అంది గున్నమ్మ.

  ఆ సాయంత్రం నీలవేణి జగన్నాధం ఇంటి గుమ్మంలో నిలబడి సంగతి చెప్పింది.

ఆదివారం మిల్లుకు సెలవు. పొద్దున్నే అందరూ అరుగుమీద చేరారు. జగన్నాధం గోడవారగా కుర్చీలో కూర్చున్నాడు. కింద మెట్టు మీద గున్నమ్మ, అసిరమ్మ. స్తంభానికి ఆనుకుని నీలవేణి. చివరింటి ఎర్రన్న, ఇంకా ఇద్దరు ముగ్గురు వరసవాళ్ళు. సోములు అరుగు అంచున కాళ్ళు కిందికి వేలాడేసి, జగన్నాధానికి వీపు పెట్టి, వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. పెద్దమనిషికి వీపు పెట్టి కూర్చోవడమేమిటని నీలవేణికి కొంచెం సిగ్గేసింది.

రెండు వైపులా విన్నాక జగన్నాధం గొంతు సవరించుకున్నాడు.

"ఇద్దరిదీ నేయమే. మిల్లులో సేసినోణ్ణి, నిద్దర లేని మగ్గం ఎలాగుంటాదో నాకు తెలీదేటి? గున్నమ్మా, నీ కుందిని గోడ కాడనుంచి తీసీసి దొడ్లో అవతల మూల పాతుకుంటే ఏటి?"

"అవతల మూలంతా ఇసకే బాబూ. కింద బండ లేదు. దెబ్బ ఆగదు, అటుకు నూకైపోతాది. నా పెళ్ళయి కాపరానికొచ్చిన్నాడు మా అత్త పసుపు దంపించింది ఆ కుందిలో. ముప్పయ్యేళ్ళు కదిలించలేదు."

జగన్నాధం సోములు వీపువంక చూశాడు. ఎవరిమీదా పెట్టకుండా తేల్చే దారి ఒకటి దొరికినట్టు ముఖం పెట్టి, "సోములూ, నిన్నేరా. సెడిపోతన్న నిద్దర నీది. కుంది తీయించీమంటావా, ఉంచీమంటావా? నీ మాటే మాట," అన్నాడు.

 వీధిలో ఒక ఎడ్లబండి పోతుంటే సోములు దాన్నే చూస్తున్నాడు.

"నిన్నేరా."

ఎర్రన్న పక్కనుంచి భుజం తట్టాడు. సోములు వెనక్కి తిరిగాడు. అందరి ముఖాలూ తనవైపే ఉన్నాయి. జగన్నాధం ముఖం చూశాడు. తర్వాత నీలవేణి ముఖం చూశాడు. ఏమి కనిపించిందో, మెల్లిగా తల ఊపాడు.

"సూసినావా, తీయించీమంటన్నాడు," అన్నాడు జగన్నాధం.

గున్నమ్మ లేచి నిలబడింది. "నోటితో సెప్పమను. నా కుంది తియ్యడానికి తలాడిస్తే సరిపోతాదేటి?"

"కోపం మీదున్నాడే. మాటాడ్డు. ఒగ్గీ."

మర్నాడు కుంది తీశారు. గున్నమ్మ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఉత్తది కదపకూడదని పిడికెడు వడ్లు వేసింది. ఎర్రన్న గునపంతో చుట్టూ తవ్వాడు. ముప్పయ్యేళ్ళుగా బండకు పట్టేసి ఉంది, ఊడలేదు. గునపం కింద పెట్టి ఎత్తబోతే లోపల టప్పున ఒక శబ్దం వచ్చింది. పైకి తీశాక చూస్తే అంచునుంచి అడుగుదాకా పగులు.

గున్నమ్మ తిట్టలేదు. ఏడవలేదు. వంగి కుందిలోని పిడికెడు వడ్లు ఏరి కొంగున ముడి వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నీలవేణి దడి ఇవతలనుంచి అంతా చూసింది. జాలి పడాలని తెలుసు. ఆ జాలి ఎక్కడుందో వెతుక్కునే ఓపిక లేకపోయింది. ఇంక పడుకుంటాడు, అనుకుంది.

వారం తిరక్కుండా అసిరమ్మ పొందూరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడ నూలు వడికితే ఇంత గంజి దొరుకుతుందని. గున్నమ్మ ఆ వయసులో కొడవలి పట్టి వరికోతలకి వెళ్ళడం మొదలుపెట్టింది. తెల్లారి వెళ్ళి పొద్దువాలి వచ్చేది. బావి దగ్గర నీలవేణి కనిపిస్తే చేద అక్కడే వదిలి పక్కకు జరిగేది. చూసేది కాదు.

గోడవతల చప్పుడు పూర్తిగా పోయింది. సోములు అంతకు ముందు పడుకున్న కాస్తా పడుకోవడం మానేశాడు.

నీలవేణి తలుపు సందులోంచి చూసేది. కళ్ళు తెరిచే ఉండేవి. అరచెయ్యి గోడమీద పెట్టి కొంచెం పైకి, కొంచెం కిందికి జరిపేవాడు, చీకట్లో అగ్గిపెట్టె వెతుక్కుంటున్నట్టు. మధ్యాహ్నానికి లేచి కూర్చునేవాడు. ఆమె ఇంకా ఏ చప్పుడు మిగిలిందా అని వెతికింది. బల్లి అరుస్తుందని చూరు దులిపింది. తాయారుని బడినుంచి నేరుగా ఎర్రన్న ఇంటికి పొమ్మంది. రెండు కోళ్ళుంటే సంతలో ఇచ్చేసింది. పద్దెనిమిదోనాడు సోములు ముంజేతి మీద పొడుగ్గా ఎర్రటి గీతతో వచ్చాడు. మగ్గం తాకి వదిలేసింది. ఆమె పసుపు అద్దింది.  ఈసారి గీరింది, ఇంకోసారి తీసుకుపోతుంది. అది ఇద్దరికీ తెలుసు.

ఇంకో రెండు రోజులకి, బడికి కోతల సెలవులిచ్చాక, పొద్దున్న పదింటివేళ, నీలవేణి బావినుంచి నిండుబిందె చంకనెత్తుకుని వచ్చింది. వీధి గడప దగ్గర తాయారు కాళ్ళు కడుక్కున్న నీళ్ళున్నాయి. కాలు జారింది. తాను గోడ పట్టుకుని నిలదొక్కుకుంది గాని బిందె జారిపోయింది. ఇత్తడి బిందె రాతిపలకల మీద పడి, మళ్ళీ లేచి పడి, దొర్లుకుంటూ పోయి మంచం పక్కన ఆగింది.

ఎర్రన్న ఇంటినుంచి ఎవరో, "ఏటది?" అని కేకేశారు. తాయారు రెండు చేతులతో చెవులు మూసుకుని మూలకి నక్కింది.

సోములు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కదల్లేదు.

నిద్రపోతున్నాడా అని నీలవేణి మంచం తలవైపునుంచి వంగి చూసింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. వేళ్ళు గోడమీద మెల్లిగా జరుగుతున్నాయి. వెనక్కి వచ్చి నిలబడింది.

"ఏటయ్యా," అంది. ఆ ఇంట్లో ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

కదల్లేదు.

బిందె అందుకుని రెండు చేతులతో ఎత్తి మళ్ళీ వదిలింది. తాయారు "అమ్మా!" అని ఏడ్చేసింది. సోములు అరికాలితో రెండో కాలిమీది దోమను తోసుకున్నాడు.

నీళ్ళు నేలంతా పరుచుకుంటున్నాయి. నీలవేణి అందులోనే కూర్చుంది. ఒక్కొక్కటీ దానంతటదే వచ్చింది. మిల్లు కూత వేస్తే లేవడు, పాదం తడితేనే లేస్తాడు. అరుగుమీద వీధికేసి కూర్చుంటాడు, ఎవరొచ్చేదీ ముందే కనిపించాలని. ఎవరితోనూ మాటాడడు, మాటాడితే అరుస్తాడు. మిల్లోళ్ళందరూ అరుస్తారు గదా అని తాను పట్టించుకోలేదు. ఇంట్లో అయితే మాటే లేదు. రెండేళ్ళుగా ముగ్గురూ చేతులతో మాట్లాడుకుంటున్నారు. ఈ ఇంట్లో మనిషికి వినపడటం లేదని తెలియాలంటే ముందు ఎవరో ఒకరు పలకాలి కదా. ఆ పలుకు తానే తీసేసింది.

లేచి మంచానికి ఎదురుగా, వెలుతురు తన ముఖం మీద పడేలాగ నిలబడి అడిగింది.

"ఎప్పట్నుంచి?"

సోములు ఆమె పెదాలవంక చూశాడు. తర్వాత నేలమీది నీళ్ళూ, బిందే, మూల ఏడుస్తున్న పిల్లా కనిపించాయి. లేచి కూర్చున్నాడు. దాచడానికి ఇంక ఏమీ లేదని తెలిసినప్పుడు మనిషి ముఖం ఎంత ఖాళీగా ఉంటుందో ఆమె అప్పుడు చూసింది.

"ఏళ్ళు పోయిన్నాడే తెలిసింది నాకు," అన్నాడు. గొంతు పెద్దదైపోతుందేమోనని తానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "తీయరా సెయ్యి అని పక్కమగ్గమోడు కేకేసినాడంట. నాకు ఇనబళ్ళేదు. సెవుడని సెప్తే అప్పుడే గేటు బయట నిలబెడతారు. నిద్దరంటే ఒగ్గీస్తారు. అందుకని నిద్దరన్నాను."

"మరి నిద్దరెందుకు పట్టదు?"

"సెవుల్లో మిల్లు ఆడతానే ఉంటాది. ఇంటికొచ్చినా ఆగదు. కళ్ళు మూస్తే ఇంకా పెద్దగా ఆడతాది." గోడవంక చూశాడు. "ఆ దెబ్బొకటి సేతికి తగిలీది. దాన్ని పట్టుకుని పడుకుంటే కాసింత పట్టీది. నీ అలికిడీ, పిల్లదీ, పొయ్యిదీ, ఏటీ తెలీదు నాకు. అదొక్కటే తెలిసీది, ఇంట్లో ఉన్నానని."

"ఆ రోజు తలెందుకూపినావు?"

"ఏటడిగినాడు?" అన్నాడు సోములు.

 నీలవేణి నీళ్ళు తుడిచి, గుడ్డ పిండి, బిందె బోర్లించింది. రాయి మీద ఖంగుమంది. పట్టించుకోలేదు. కత్తిపీట తెచ్చుకుని గడపలో కూర్చుని గాజుల దారం కోసింది. చేతికి ఏదో తేడాగా ఉంది గాని, అది హాయో కాదో తెలియలేదు.

పొద్దువాలి గున్నమ్మ కోతనుంచి వచ్చేదాకా నీలవేణి ఆవిడ వసారాలో కూర్చుంది. కుంది తీసిన గొయ్యి అలాగే ఉంది. పక్కన రెండు చెక్కలైన రాయి.

గున్నమ్మ కొడవలి చూరులో గుచ్చి, అప్పుడు ఆమెను చూసింది. "ఏటే, ఇంకేటి మిగిల్నాదని? పొయ్యి మండితే సప్పుడవుతున్నాదేటి మీ ఆయనకి?"

"మా ఇంట్లో కుంది ఉన్నాది అత్తా. గోడ కాడే, బండమీదే. వొచ్చి దంచుకో."

గున్నమ్మకి వెంటనే అర్థం కాలేదు. "మీ ఆయనో?"

"పడుకుంటాడు."

"పొద్దున్నా?"

"పొద్దున్నే."

గున్నమ్మ మెట్టు మీద కూలబడి చుట్ట వెలిగించి నిప్పు లోపలికి తిప్పుకుంది.  నీలవేణి చెయ్యి జరిపితే గాజులు గలగలమన్నాయి. గున్నమ్మ ఆ గాజులవంక చూసింది. గోడవంక చూసింది.

"ఇందాక అడిగింది ఎర్రన్న పెళ్ళాం, మీ ఇంట్లో బిందె పడిందంట, రెండుపాల్లు పడిందంట, ఏటని," అంది. "సోములు లేచినాడేటి?"

నీలవేణి తల వంచుకుంది. "నువ్వడగొద్దు అత్తా."

"ఆ రోజు అరుగుమీద... జగన్నాధం ఏటడిగినాడో ఎరగడా?"

నీలవేణి గాజులు ఒక్కొక్కటే వెనక్కి తోసుకుంది. గున్నమ్మ చుట్ట తీసి, నాలుకమీది నుసి ఉమ్మేసింది. నవ్వినట్టు ఒక శబ్దం చేసింది. అది నవ్వు కాదు.

"నా కుంది ఇంక రాదు," అంది.

"రాదు."

"అసిరి ఎల్లిపోయింది. రెండో రోకలి ఎవులు పడతారు?"

"నాను పడతాను."

"నీకు దంపు వొచ్చేటి? రెండేళ్ళు పిల్లిలాగ నడిసినదానివి." గొంతు తగ్గించి అంది. "ఆ జగన్నాధం అల్లుడుగారి సెవిలో పడితే సోములు పని అయిపోద్ది. నానెవులికీ సెప్పనులే. నీకోసం కాదు. ఆడికోసం."

"మిగతా వరసోళ్ళకి?"

"అది నువ్వు సెప్పుకో. తిట్లు నువ్వు తిను."

నీలవేణి సరేనంది.

రెండురోజుల తర్వాత తన వసారాలో కుంది మీది చెక్క తీసింది. రెండేళ్ళుగా ఆ చెక్కమీద ఉప్పుకుండ ఉండేది. లోపల ఎండిన చెదపురుగులు, ఒక సాలెగూడు. కడిగి, పసుపు రాసింది. గున్నమ్మ వచ్చి కొంగుముడి విప్పి, పాతకుందిలోంచి ఏరుకున్న పిడికెడు వడ్లు ముందుగా అందులో పోసింది. దేవుణ్ణేమీ తలుచుకోలేదు. "మంగలం దింపు," అంది.

మొదటి దెబ్బలు సరిగా పడలేదు. నీలవేణి రోకలి రెండుసార్లు గున్నమ్మ రోకలికి తగిలింది. "ఎత్తేటప్పుడు నాకేసి సూడకు. కిందికి సూడు," అంది గున్నమ్మ. తర్వాత కుదిరింది. ఒకటి లేస్తుంటే ఇంకొకటి. గోడ అదిరింది. గూట్లో దీపపు బుడ్డి అదిరింది.

అరగంట కాలేదు, జగన్నాధం పెరటి తోవన వచ్చాడు. వెనకాల ఎర్రన్న పెళ్ళాం, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు, ముక్కుమీద వేళ్ళతో.

"ఇదేటే? ఊరందరినీ కూసోబెట్టి, ఆవిడ కుంది పీకించి, ఇప్పుడు నువ్వే దంచుతన్నావేటి? నాకు పనిలేక తీరుపు సెప్పినానా?"

నీలవేణి రోకలి ఎత్తుతూనే ఉంది. "మా కుందే గదా మావా. మా సప్పుడు మాకు అలవాటే."

"మొగుడి నిద్దరో?"

"సెయ్యి బాగయ్యింది. ఇప్పుడు పడతన్నాది."

ఎర్రన్న పెళ్ళాం పక్కావిడతో వినపడేలాగే అంది. "అటుకుల్లో వాటా కోసమేనమ్మా ఆ గొడవంతా. మనం ఎరగం గాని, ఎంత ఎత్తుందో సూడు."

"అంతేనేటే?" అన్నాడు జగన్నాధం.

కాదని చెప్పడానికి ఒకటే మాట ఉంది. ఆ మాట ఆయన అల్లుడి ఇంటికి నాలుగడుగుల దూరం. నీలవేణి గున్నమ్మ ముఖంలోకి చూసింది. గున్నమ్మ కుందిలోకి చూస్తోంది, పెదాలమధ్య చుట్ట కదల్లేదు.

"అంతే మావా," అంది నీలవేణి.

జగన్నాధం ఉమ్మేసి వెళ్ళిపోయాడు. ఇకమీద ఈ ఆడవాళ్ళ గొడవల్లో తలపెట్టనని వరసంతా వినేలాగ చెప్పుకుంటూ వెళ్ళాడు. ఆడవాళ్ళు కాసేపు నిలబడి, చూడటానికి ఇంకేమీ లేక వెళ్ళారు. రేపు బావి దగ్గర ఏమంటారో నీలవేణికి తెలుసు. ఆ మాటలు ఎక్కడ తగులుతాయో చూద్దామనుకుని తనలోకి తడుముకుంది. ఎక్కడా తగల్లేదు. చేతులు మాత్రం మంటపుట్టాయి. అరచేతిలో బొబ్బ లేస్తోంది. అది తెలుస్తోంది.

రెండో వాయి దంచుతుండగా తాయారు లోపలినుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇంత చప్పుడులో కూడా ఆ పిల్ల అడుగులు మెల్లిగా వేసింది. తల్లి చూసేదాకా ఆగి, తల పక్కకి వంచి, చెంప కింద అరచెయ్యి పెట్టింది.

"నోటితో సెప్పే," అంది నీలవేణి.

తాయారు గోడవంకా, రోకళ్ళవంకా చూసింది. నోరు తెరిచింది, మూసింది.

"నాన్న పడుకున్నాడు," అంది చివరికి. దంపులో ఆ మాట సగమే వినిపించింది.

నీలవేణి రోకలి ఒక క్షణం పైనే ఆగిపోయింది.

"ఎత్తిందాన్ని దింపవేటే," అంది గున్నమ్మ. "సల్లారిపోతన్నాయి."

నీలవేణి దింపింది.